అమావాస్య దాటిన నీడ

హిందూపురం బజారులో ఎండాకాలం మనుషులు గోడల వెంబడి బతుకుతారు. చింతపండు కొట్టే ఆడవాళ్లు పొద్దున తూర్పు వరస అంగళ్ల ముందు కూర్చుంటారు. పొద్దు ఎక్కేకొద్దీ గోడకు వీపులు ఆనించి కాళ్లు ముడుచుకుంటారు. పొద్దు వాలిందంటే బుట్టలెత్తుకుని ఎదురు వరసకు మారిపోతారు. హమాలీలు బండ్ల కింద దూరి కునుకు తీస్తారు. పూలమ్మే వరలక్ష్మి అయితే ఆగిన లారీ ఒకటి చూసుకుని, చంటిపిల్లనూ పూలగంపనూ దాని పక్కన పెట్టుకుంటుంది. లారీ కదిలితే డ్రైవరును నాలుగు తిట్టి, ఇంకో లారీ వెతుక్కుంటుంది.

ఇదంతా హరీష్‌కు బాగా తెలుసు. తెలుసుకోవడమే అతని ఉద్యోగం. బజారు నడిమధ్య పాత రేకుల షెడ్లు కొట్టేసిన జాగా ఒకటి ఖాళీగా పడి ఉంటే, దాన్ని పచ్చటి పార్కు చేసి జనానికి ఇవ్వాలని మున్సిపాలిటీవాళ్లు అనుకున్నారు. ప్లాను గీసే పని ఒక ప్రైవేటు కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీలో హరీష్ ప్లానరు. రెండు నెలలపాటు బజారంతా తిరిగి ఎవరు ఏ వేళకు ఎక్కడ కూర్చుంటారో చూసి, చక్కగా ఒక ప్లాను గీశాడు. నాలుగు పక్కలా కానుగలు, మధ్యలో వేపచెట్లు, వాటి కింద అరుగులు.

గీసినవాడు గీసినట్టు ఉంచుకుంటే ఈ కథే లేదు. అంగళ్లవాళ్లు వచ్చి, "చెట్లు గుబురుగా పెరిగితే మా బోర్డులు కనపడవు కదప్పా" అన్నారు. కంపెనీ పెద్ద రాధిక మేడం, "ఫొటోలో చెట్లు సన్నగా, ఎత్తుగా కనిపించాలి హరీష్" అంది. హరీష్ సరేనన్నాడు. కానుగలు చెరిపేసి రాయల్ పామ్ చెట్లు గీశాడు. వేపచెట్లు చెరిపేసి ఫౌంటెన్ గీశాడు. మిగిలిన చోటంతా సిమెంటు బిళ్లలు పరిపించాడు. పని పూర్తయింది, గేటు తెరిచారు, లోపలికి ఒక్క మనిషీ రాలేదు.

వరలక్ష్మి ఒకరోజు పిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి తొంగి చూసింది. ఒక్కో చెట్టు పక్కన చేతికర్ర పడేసినట్టు సన్నటి నీడ. బిళ్లల మీద ఎండ కళ్లల్లోకి కొడుతోంది.

"ఏం సార్, దీంట్లో యాడ కూచోవల్ల?" అని అడిగింది.

ఆ అడగడంలో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే తెలియక అడిగింది. హరీష్ ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకు వెళ్లిపోయాడు. సిగ్గు వేసింది. అయితే ఆ పూటకు మింగేయగలిగినంత సిగ్గే.

ఇంతలో పైనుంచి పరిశీలన బృందం వస్తోందని కబురు వచ్చింది. పార్కులో నీడ ఎంత ఉందో వాళ్లు కొలుస్తారు. నచ్చితే ఇదే ప్లాను పెనుకొండకూ ధర్మవరానికీ ఇస్తారు, హరీష్ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

"నీడ సంగతి నువ్వు చూసుకో" అంది రాధిక మేడం. "ఎలాగైనా సరే."

ఎలాగైనా అంటే ఎలాగో మెట్ట పల్లెలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. హరీష్‌ది కనగానపల్లి పక్కన ఒక పల్లె. ఆ పక్క ఊళ్లలో చెట్లు తక్కువ, ఎండలు ఎక్కువ. అందుకని పెండ్లికి గుండిగలూ జంపఖానాలూ అడిగి తెచ్చుకున్నట్టే, నీడను కూడా అడిగి తెచ్చుకుంటారు. పందిరి వేయలేని ఇంట్లో పెండ్లయితే పెండ్లికి, కాన్పయిన ఇంట్లో బాలింతకు, ఎవరైనా పోతే దినాలకు. చెట్టుగలవాళ్లు కాదనరు. పని అయిపోగానే మడతపెట్టి తెచ్చి మళ్లీ చెట్టు కింద పరిచిపోతారు.

హరీష్ వాళ్ల ఊళ్లో చెప్పుకోదగిన నీడ వెంకటక్కది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, వంకగట్టు మీద కానుగ మొక్క నాటి, కడవలతో నీళ్లు మోసి బతికించుకుంది. ఇప్పుడు ఆమె ముసలిదైంది, చెట్టు పెద్దదైంది. కొడుకు లింగప్ప గొర్రెల మందను తోలుకొచ్చి మధ్యాహ్నం ఆ నీడలో ఆపుతాడు. శనక్కాయ పీకేశాక ఆ మందను హరీష్ వాళ్ల చేన్లో కట్టేవాళ్లు. మంద పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. ఆ చేన్లో పండిన కాయలు తిని పెరిగినవాడే హరీష్.

అతను వెళ్లేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. గొర్రెలన్నీ కానుగ కింద పడుకుని నెమరు వేస్తున్నాయి. వెంకటక్క బోదెకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏం నాయనా, ఇంత ఎండలో వచ్చినావు? రా, నీడకు రా" అంది.

హరీష్ కూర్చుని, నీళ్లు తాగి, విషయం చెప్పాడు. "రెండు దినాలకే అవ్వా. మా పార్కు చూడనీకి పెద్ద సార్లు వస్తాండారు."

"పార్కంటే చెట్లుండవా?"

"ఉండాయవ్వా. ఇంకా చిన్నవి."

ఆ చెట్లు ఎంత పెద్దవైనా ఇంతే అని అతనికి తెలుసు.

లింగప్ప కర్రతో నేల మీద గీస్తూ, "చూలు గొర్రెలుండాయి కదమ్మా. ఈ ఎండల్లో నీడ ఇచ్చేస్తే ఎట్ల?" అన్నాడు.

"అబ్బి అడిగేది రెండు దినాలకే కదరా. వాళ్ల నాయన ఏ పొద్దూ మన మందను వద్దనింది లేదు" అని వెంకటక్క లేచింది. "ఒకటే మాట నాయనా. అమావాస్య లోపల తెచ్చియ్యి. అమావాస్య దాటితే అది పరుచుకున్న చోటిదే అయిపోతాది. మళ్ల నేను పిలిచినా రాదు."

"తెలుసవ్వా. తెస్తా కదా."

గొర్రెలను అదిలించి పక్కకు తోలారు. నడినెత్తిన పొద్దున్నప్పుడు నీడ బోదె చుట్టూ కుదురుగా ఉంటుంది, ఎత్తడం సులువు. వెంకటక్క ఒక అంచు పట్టుకుంది, హరీష్ ఇంకో అంచు పట్టుకున్నాడు. కంబళి దులిపినట్టు ఒకసారి దులిపితే ఎండుటాకులు రాలాయి. మడత మీద మడత వేసి ఆమె అతని భుజాన పెట్టింది. చల్లగా ఉంది, కానుగ పూల వాసన వేస్తోంది. గొర్రెలు ఎండలోకి తెల్లగా బయటపడి, ఏమైందో తెలియక బోదె చుట్టే నిలబడ్డాయి. హరీష్ వాటివైపు చూడకుండా బస్సుకు నడిచాడు.

ధర్మవరం నుంచి వచ్చే బస్సులో కండక్టరు మూట చూసి, "నీడకు లగేజీ లేదులేప్పా. టాపు మీద మాత్రం వేయద్దు, ఎండకు పాడైతాది" అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక మడత విప్పి తన మీదికి లాక్కుని పెనుకొండ దాకా హాయిగా నిద్రపోయింది. పెనుకొండలో బస్సు మారాలి. కొండ మీది బండల వేడంతా దిగి బస్టాండులో కూర్చున్నట్టుంది. ఎర్రమంచి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఒకాయన బెంచీ మీద పక్కన కూర్చుని, మూటను వేలితో తాకి చూశాడు.

"యా చెట్టుదప్పా?"

"కానుగది."

"శానా మంచి నీడ. జాగ్రత్తగా ఎత్తుకపో" అన్నాడు ఆయన.

హిందూపురంలో ఆ సాయంత్రమే పార్కు మధ్యలో నీడ పరిచాడు హరీష్. సిమెంటు బిళ్లలు చల్లబడ్డాయి. మరునాడు బృందం వచ్చింది. వాళ్లలో పెద్దాయన ఎండలోనుంచి నీడలోకి అడుగు పెట్టగానే టోపీ తీసేసి, "అబ్బ" అన్నాడు. తర్వాత, "ఎవరిదీ నీడ?" అని అడిగాడు.

నీడ కనిపిస్తే ఎవరైనా అడిగే మాటే అది. జవాబు చెప్పడం కూడా కష్టమేమీ కాదు. ఊరి పేరు, వెంకటక్క పేరు చెప్పి, రెండు దినాలకు తెచ్చామంటే అయిపోయేది. హరీష్ రాధిక మేడం వైపు చూశాడు. ఆమె అతనివైపు చూసింది.

"మాదే సార్" అన్నాడు హరీష్. "మా ప్లానులో ఉన్నదే."

నోరు తడబడలేదు. తర్వాత రోజుల్లో అబద్ధం కన్నా ఆ తడబడకపోవడమే అతన్ని ఎక్కువ బాధించింది.

బృందం వెళ్లిపోయింది. గేటు తెరిచే ఉంది. నీడ వాసన పట్టినట్టు మొదట ఒక హమాలీ వచ్చాడు, వెనకే ఇంకో నలుగురు వచ్చారు. మధ్యాహ్నానికి చింతపండు ఆడవాళ్లు బుట్టలు, సుత్తులు తెచ్చుకుని ఒక మూల చేరారు. వరలక్ష్మి పూలగంప దించి, పాత చీర పరిచి పిల్లను పడుకోబెట్టింది. ఎండకు చెమటకాయలు పేలి ఎప్పుడూ ఏడ్చే పిల్ల, ఆ పూట సాయంత్రందాకా కదలకుండా నిద్రపోయింది. ఇన్నాళ్లకు తను గీయాలనుకున్న బజారు కళ్ల ముందు కనపడితే హరీష్‌కు కడుపు నిండినట్టయింది. నిండకుండా ఉంటే బాగుండేది.

జనం దానికి పేరు కూడా పెట్టారు. సార్ నీడ అన్నారు. అతను కనిపిస్తే హమాలీలు లేచి నిలబడేవాళ్లు. వరలక్ష్మి మూరెడు మల్లెపూలు ఊరికే చేతిలో పెట్టి, "ఇంట్లో అమ్మకియ్యి సార్" అనేది. ఆ పూలు ఇంటికి తీసుకుపోవడానికి అతనికి చెయ్యి రాలేదు. దారిలో ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు.

రెండు దినాలు దాటాయి. లింగప్ప ఫోను చేశాడు.

"ఏమబ్బా హరీషూ, నీడ ఎప్పుడు తెస్తాండావు? ఈడ ఎండలు మండిపోతాండాయి."

"ఈ ఆదివారం తెస్తాన్నా."

ఆదివారం రాధిక మేడం ఫొటోలు తీసేవాళ్లను పంపింది. ఆ తర్వాత లింగప్ప ఫోను చేస్తే హరీష్ మీటింగులో ఉన్నానన్నాడు. ఇంకోసారి చేస్తే ఫోను మోగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మోగడం ఆగిపోయాక ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అమావాస్య రానే వచ్చింది. పొద్దు వాలుతుండగా హరీష్ ఒక తాడు సంచిలో పెట్టుకుని పార్కుకు వెళ్లాడు. మడతపెట్టి, కట్టి, ఎట్లాగైనా ఆ సాయంత్రం బస్సు పట్టుకుందామని వెళ్లాడు. నీడ నిండా మనుషులున్నారు. చింతపండు ఆడవాళ్లు సద్దులు విప్పుకుని తింటున్నారు. నట్టనడుమ వరలక్ష్మి కూతురు నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతోంది.

"ఏం సార్, ఎండలో నిలబడినావు? రా, కూచో" అంది వరలక్ష్మి, కొంచెం జరిగి చోటిస్తూ.

హరీష్ కూర్చున్నాడు. పసిపిల్ల నిద్ర చెడగొట్టడం ఎందుకని కూర్చున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ అది నిజం కాదని అతనికే తెలుసు. మడత పెట్టడం మొదలుపెడితే, ఎక్కడికి సార్ అంటారు. ఎవరిది సార్ అంటారు. దానికి జవాబు చెప్పలేక కూర్చున్నాడు. అంగళ్లలో దీపాలు వెలిగేదాకా అట్లాగే కూర్చుని, తాడు సంచిలోనే ఉంచుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నాలుగైదు రోజులకు వెంకటక్కే వచ్చింది.

ఆఫీసుకు వెళ్లి అడిగితే పార్కు దారి చూపించారట. హరీష్ గేటు దగ్గర పామ్ చెట్లకు నీళ్లు పడుతున్నాడు. చేతిసంచితో, తలమీద కొంగుతో నడిచి వస్తున్న ఆమెను చూశాడు. పారిపోవడానికి చోటు లేదు. ఆమె అతన్ని చూసి తల ఊపి, ముందు నీడ దగ్గరికి వెళ్లింది.

నీడ ఆమెను గుర్తుపట్టింది. ఆడవాళ్ల కిందనుంచి, బుట్టల కిందనుంచి జరుగుతూ, తల్లి దగ్గరికి దూడ ఉరికినట్టు ఆమె కాళ్లవైపు పాకింది. ఆమె వంగి అంచును నిమిరింది. తర్వాత రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఎత్తి చూసింది. అంచు లేచింది గానీ మిగతాది బిళ్లలకు అంటుకుపోయి ఉంది. ఇంకోసారి ఎత్తింది. రాలేదు. వదిలేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ నీడలోనే కూర్చుంది.

"యా ఊరవ్వా మీది?" అని అడిగింది చింతపండు కొట్టే ఒకామె.

"కనగానపల్లి దిక్కు."

"సార్‌దీ ఆ దిక్కే కదా?"

"ఊ. సార్ మావాడే."

వరలక్ష్మి పిల్లకు విసురుతూ, "మాకు శానా మంచి నీడ తెచ్చినాడవ్వా సార్. ఈ పిల్ల బతికిపోయింది. ఇది సార్‌దేనంట కదా?" అంది.

హరీష్ చేతిలో నీళ్ల పైపు అట్లాగే కారుతోంది. వెంకటక్క ఏమంటే అది పడదామని తల దించుకుని నిలబడ్డాడు. ఆమె నిజం చెప్పేస్తే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. వెంకటక్క నిద్రపోతున్న పిల్లను చూసింది. తల ఎత్తి హరీష్‌ను చూసింది.

"ఊ. ఈ అబ్బిదే" అంది. "చిన్నప్పటినుంచీ ఈ అబ్బిదే."

నడిబజారులో చెప్పుతో కొట్టినా హరీష్‌కు అంత అవమానం కాకపోను. పైపు కింద పడేసి ఆమె దగ్గరికి వచ్చాడు. "అవ్వా" అన్నాడు, అంతే.

"గమ్మునుండు. బిడ్డ నిద్రపోతాంది."

ఆమెను బస్టాండు దాకా నడిపించుకుంటూ వెళ్లాడు. దారిలో అంది, "ఊర్లో అడిగినోళ్లకు నీడను గోరంట్లలో కూతురింటికి పంపినానని చెప్పినాలే. కాన్పుకని. నీ పేరు ఎత్తలేదు. మీ నాయన నలుగుర్లో తిరిగే మనిషి."

"గొర్రెలు ఎట్లుండాయవ్వా?"

"రెండు ఈసుకపోయినాయి. ఎండకు తాళలేక కడుపులోనే పోయినాయి పిల్లలు. ఇంకా ఈనాల్సినవి ఉండాయి. ఏం చేస్తాం."

"నన్ను తిట్టవ్వా."

"తిడితే నీడ వస్తాదా?" అంది వెంకటక్క. కోపంతో కాదు, నిజంగానే లెక్క చూసి చెప్పినట్టు చెప్పింది. సంచిలోనుంచి వేయించిన శనక్కాయల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. "మీ చేన్లోవే. ఉత్తచేతుల్తో ఎట్ల వచ్చేదని తెచ్చినా." ధర్మవరం బస్సు కదులుతుంటే పరిగెత్తినట్టు నడిచి ఎక్కేసింది.

హరీష్ నేరుగా రాధిక మేడం దగ్గరికి వెళ్లి అంతా చెప్పాడు. ఎవరో ఒకరు కోప్పడితే ఈ బరువు కొంచెమైనా దిగుతుందని అతని ఆశ. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఇప్పుడు అది ఇక్కడిదే అయిపోయింది కదా?" అంది.

"అయిపోయింది మేడం."

"మరింకేం? పాపం, ఆ పెద్దావిడ మంచిది." సొరుగులోనుంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. ఉద్యోగం పర్మనెంటు అయింది. పెనుకొండ ప్లాను అతనికే ఇచ్చారు. ఎల్లుండి మధ్యాహ్నం అక్కడ మీటింగు. "ఆలస్యం చేయకు. నువ్వు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

రెండు రోజులు అతను అన్నం సరిగా తినలేకపోయాడు. మీటింగు రోజు పొద్దున, పెనుకొండ బస్సు ఎక్కే ముందు పార్కుకు వెళ్లాడు. ఒక్కరికైనా నిజం చెప్పి పోవాలనిపించింది. వెళ్లి వరలక్ష్మి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఈ నీడ నాది కాదు. మొన్న వచ్చింది చూడు, ఆ అవ్వది."

వరలక్ష్మి పూలు కట్టడం ఆపలేదు. "తెలుసు సార్" అంది.

"తెలుసా?"

"అందరికీ తెలుసు. ఆ అవ్వ కాళ్లకాడికి ఉరికింది కదా, అందరం చూసినాం. ఆ యమ్మే నీదని చెప్పినాక, మేమెవురం సార్ కాదనేకి?"

చింతపండు ఆడవాళ్లు తలలు వంచుకుని చింతకాయలు కొడుతున్నారు. అతనికి ఇబ్బందిగా ఉంటుందని ఎవరూ అతనివైపు చూడలేదు. ఇన్నాళ్లూ తను దాచాననుకున్నది వీళ్లందరూ కలిసి తన కోసం దాచారని అప్పుడు తెలిసింది. నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"సార్" అని పిలిచింది వరలక్ష్మి. "నీ నీడ చూసుకో."

చూసుకున్నాడు. పొద్దు బాగా ఎక్కింది. బజారులో తిరిగేవాళ్ల నీడలన్నీ కాళ్ల దగ్గరికి ముడుచుకుంటున్నాయి. అతని నీడ మాత్రం ముడుచుకోలేదు. కాళ్ల దగ్గరనుంచి ఉత్తరం పక్కకు, ధర్మవరం రోడ్డు వైపు, వెడల్పుగా, పొడుగ్గా పడి ఉంది.

"అది పోతానంటాంది సార్. పో" అంది వరలక్ష్మి, దారం కొరుకుతూ.

బస్సు పెనుకొండలో ఆగింది. మీటింగు జరిగే ఆఫీసు బస్టాండుకు ఎదురుగానే ఉంది. హరీష్ దిగాడు. దిగినవాడు ఆఫీసు వైపు రెండడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కాయి. నీడ కదల్లేదు, వెనక్కి లాగుతోంది. ధర్మవరం బస్సు వచ్చి ఆగితే, ముందు నీడే ఎక్కింది. వెనకే అతనూ ఎక్కాడు.

ఊరు చేరేసరికి నడి మధ్యాహ్నం. వంకగట్టు మీద కానుగ నిండుగా ఆకులతో ఉంది. దాని కింద మాత్రం, అక్కడ చెట్టే లేనట్టు, మట్టి మీద ఎండ మెరుస్తోంది. గొర్రెలు పాత అలవాటు కొద్దీ బోదె చుట్టే గుమిగూడి, ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని ఎగరొప్పుతున్నాయి. వాటి మధ్య వెంకటక్క తలమీద కంబళి కప్పుకుని కూర్చుని ఉంది. లింగప్ప అతన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

హరీష్ చెప్పులు విడిచి, గొర్రెలకూ పొద్దుకూ మధ్య వెళ్లి నిలబడ్డాడు. అతని నీడ కాళ్ల దగ్గరనుంచి మెల్లగా జారి నేల మీద పరుచుకుంది. కానుగ నీడలో పావు వంతు కూడా ఉండదు. దానికి కానుగ పూల వాసన కూడా లేదు, మనిషి చెమట వాసన వేస్తోంది. అయినా నీడ నీడే. ముందు ఒక ముసలి గొర్రె వచ్చి మూతి పెట్టి చూసింది. తర్వాత మోకాళ్లు వంచి పడుకుంది. దాని పక్కన ఇంకొకటి చేరింది. లింగప్ప కాసేపు చూసి, వెళ్లి, నీళ్ల చెంబు తెచ్చి అతని చేతికి అందేచోట పెట్టాడు.

వీపు మీద ఎండ సలసల కాలుతోంది. జేబులో ఫోను మోగింది. మీటింగు వేళ అయిందని, చేసేది రాధిక మేడమేనని అతనికి తెలుసు. చెయ్యి జేబులో పెట్టడానికి వంగితే నీడ కదులుతుంది. ఒక చూలు గొర్రె అప్పుడే తల దాంట్లో పెట్టి కళ్లు మూసుకుంటోంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మోగింది. ఆ తర్వాత మోగలేదు.

వెంకటక్క కంబళి కొంచెం పైకి జరిపి, అతన్నీ నీడనూ గొర్రెలనూ ఒకసారి పారజూసింది.

"కొంచెం ఎడమకు జరుగు నాయనా" అంది. "ఆ మూలదానికి ఎండ తగుల్తాంది."

హరీష్ జరిగాడు.